మా యూపీఐ మెషిన్: అందరూ అడిగే ప్రశ్నలు, మా జవాబులు

విజయనగరం పక్కన ఓ ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ చదువుతున్న ఐదుగురం కలిసి చేసిన మెషిన్ ఇది. హాస్టల్ మెట్ల కింద ఉంటుంది. ఫోన్‌పే కొడితే పెన్నో, గ్రాఫ్ షీట్లో, పల్లీ చిక్కీయో కింద పడుతుంది. చూసినవాళ్లంతా ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాం. జూనియర్లు అడిగినవాటికి జవాబులు పొడుగ్గా, చుట్టాలు అడిగినవాటికి పొట్టిగా ఉంటాయి.

అసలు ఇది చేయాలని ఎందుకు అనిపించింది?

రికార్డు సబ్మిషన్ ముందురోజు రాత్రి పదకొండింటికి గ్రాఫ్ షీట్లు అయిపోయాయి. కాలేజీ స్టోర్ ఎనిమిదింటికే మూసేస్తారు. బయటి కొట్టుకి వెళ్లాలంటే గేటు దాటాలి. గేటు దగ్గర వాచ్‌మన్ తాత "ఏటి బాబూ, ఈ ఏలప్పుడు?" అని కుర్చీలోంచి లేస్తాడు. ఆ రాత్రి ఒక్కో గ్రాఫ్ షీటునీ రెండు ముక్కలు చేసి పంచుకున్నాం. అక్కడ మొదలైంది.

నాణేలు వేసే మెషిన్ చేయొచ్చు కదా అని సార్ అన్నారు. నాణెం అసలుదో కాదో చూసే పరికరం కొనాలి, నోట్లయితే దానికి ఇంకా ఖర్చు, తిరిగి చిల్లర ఇవ్వడానికి మరో ఏర్పాటు. పైగా హాస్టల్లో జేబులో నాణేలు ఎవరికున్నాయి? యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు మేం ఆరో తరగతిలో ఉన్నాం. మా చేతికి సొంతంగా డబ్బు వచ్చేసరికే అది ఫోన్లో ఉంది.

క్యూఆర్ స్టిక్కర్ అంటించేస్తే అయిపోతుంది కదా, ఇందులో ప్రాజెక్టేముంది?

ఈ ప్రశ్న రివ్యూలో కూడా వచ్చింది. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

స్టిక్కర్ మీదున్న క్యూఆర్ మీ ఫోన్‌కి డబ్బు ఎవరికి పంపాలో చెబుతుంది. అంతే. డబ్బు వచ్చిందని మెషిన్‌కి అది చెప్పదు. కిరాణా కొట్లో అయితే మనిషి ఉంటాడు. స్పీకర్ బాక్సు "ఇరవై రూపాయలు అందాయి" అంటే విని సరుకిస్తాడు. లేదంటే మీ ఫోన్‌లోకి తొంగి చూస్తాడు. మెషిన్‌కి ఆ కళ్లూ చెవులూ మనమే పెట్టాలి. మా పనిలో ముప్పావు వంతు అదే.

చెవుల విషయంలో ఓ మాట. స్పీకర్ బాక్సు పక్కన మైకు పెట్టి, "పది రూపాయలు" అన్న మాటని గుర్తుపట్టిద్దామని మాలో ఒకడు సీరియస్‌గా చెప్పాడు. వారం రోజులు ఆ పని చేశాడు కూడా. హాస్టల్లో ఎవరైనా గట్టిగా "పది రూపాయలు అప్పివ్వరా" అంటే ఏమవుతుందని అడిగాక మానేశాడు.

తర్వాత ఎస్ఎంఎస్ దారి పట్టాం. ఖాతాలో డబ్బు పడితే బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది కదా, సిమ్ వేసిన చిన్న మాడ్యూల్‌తో దాన్ని చదివించి మోటారు తిప్పుదామన్నది ఆలోచన. ఇంట్లో పది సార్లు చేస్తే పది సార్లూ పనిచేసింది. డిపార్ట్‌మెంట్లో చూపించే రోజు ల్యాబ్ అసిస్టెంట్ గారి చేత కొట్టించాం. ఆయన ఫోన్లో పచ్చ టిక్కు వచ్చింది. మెషిన్‌లో చలనం లేదు. నిమిషం, రెండు నిమిషాలు. ఆయన మా వైపు చూసి, "ఏటి బాబూ, డబ్బులు కట్టయిపోనాయి గానీ సరుకేదీ?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. హెచ్ఓడీ సార్ వచ్చి కూర్చున్నారు, మేం పీపీటీ మొదలుపెట్టాం. నాలుగో స్లైడ్ నడుస్తుండగా వెనక నుంచి గిర్రుమని చప్పుడు. సరుకుని ముందుకి తోసే స్ప్రింగు తిరిగింది, చిక్కీ టప్పున పడింది. మెసేజ్ అప్పుడొచ్చింది, ఇరవై నిమిషాలకి. గది మొత్తం నవ్వింది. ఆ రోజే ఎస్ఎంఎస్ పద్ధతి ఆపేశాం.

ఫోన్‌కొచ్చే నోటిఫికేషన్‌ని యాప్‌తో చదివించే పద్ధతి కూడా చాలా వీడియోల్లో కనిపిస్తుంది. అదీ ఇలాంటిదే. బ్యాటరీ మిగిల్చుకోవడానికి ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చితే మీ వ్యాపారం కూడా నిద్రపోతుంది.

మరి ఇప్పుడు ఎలా పనిచేస్తోంది?

మీరు చిక్కీ బటన్ నొక్కుతారు. లోపలున్న ఈఎస్‌పీ-32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మా సర్వర్‌కి "ఫలానా అరలో సరుకు కావాలి" అని కబురు పంపుతుంది. సర్వర్ పేమెంట్ గేట్‌వేని, అంటే దుకాణం తరఫున ఆన్‌లైన్ డబ్బు తీసుకునే కంపెనీని అడిగి, ఆ ఒక్క ఆర్డర్ కోసమే కొత్త క్యూఆర్ తెస్తుంది. దాన్ని విప్పి చూస్తే ఉండేది ఒక చిన్న లైను: డబ్బు ఎవరికి, ఏ పేరు మీద, ఎంత, ఏ ఆర్డర్ నంబరు. స్కాన్ చేయగానే ఎంత కట్టాలో దానంతటదే వస్తుంది, మీరు మార్చలేరు. పిన్ కొట్టాక డబ్బు చేరితే గేట్‌వే మా సర్వర్‌కి కబురు పెడుతుంది. దీన్నే వెబ్‌హుక్ అంటారు. ఆ కబురు నిజమైనదేనని తేలాక మోటారు తిరుగుతుంది.

జూనియర్లు రాసుకోవాల్సిన మూడు సంగతులు ఇక్కడున్నాయి, మూడూ మేం దెబ్బ తిని నేర్చుకున్నవే.

మొదటిది, మా గేట్‌వేకి మొత్తాన్ని పైసల్లో చెప్పాలి. మేం పది అని పంపితే పది పైసలనుకుని తిప్పికొట్టింది. పది రూపాయలకి వెయ్యి అని పంపాలి.

రెండోది, వెబ్‌హుక్ చిరునామా తెలిసిన ఎవడైనా "డబ్బు వచ్చింది" అని దొంగ కబురు పంపొచ్చు. అందుకే మనకీ గేట్‌వేకీ మాత్రమే తెలిసిన రహస్య పదంతో ఆ కబురు మీద సంతకం ఉంటుంది. మనం కూడా అదే లెక్క వేసి పోల్చుకోవాలి. వచ్చిన కబురుని వచ్చినట్టుగా, ఒక్క స్పేసు కూడా మారకుండా లెక్కలోకి తీసుకోవాలి. మా కోడ్ దాన్ని విప్పి, సర్ది, మళ్లీ మడిచి లెక్క వేసేది. సంతకం ఒక్కసారీ కలవలేదు. రెండు రోజులు పోయాయి.

మూడోది, క్యూఆర్ చుట్టూ తెల్ల అంచు వదలాలి. నాలుగు గళ్ల వెడల్పు ఉండాలన్నది ప్రమాణం. మా చిన్న తెర మీద నల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో అంచు లేకుండా నిండుగా పెట్టాం, చూడ్డానికి బాగుందని. సగం ఫోన్లు పట్టుకోలేదు.

మొదటి వారం ఒక్క పేమెంటుకి రెండేసి చిక్కీలు పడ్డాయట, నిజమేనా?

నిజమే. ఆ వార్త మా కంటే ముందు హాస్టల్‌కి తెలిసింది, అందుకే ఆ సాయంత్రం మెట్ల దగ్గర క్యూ.

జరిగిందేమిటంటే, గేట్‌వే కబురు పంపాక మన సర్వర్ వెంటనే "అందింది" అనాలి. అనకపోతే మళ్లీ పంపుతుంది. అది వాళ్ల తప్పు కాదు, పద్ధతే అంత. మా సర్వర్ మోటారు తిరిగేదాకా ఆగి, ఆ తర్వాత తాపీగా "అందింది" అనేది. ఈలోపు రెండో కబురు వచ్చేది. ఒక పెళ్లికి రెండు శుభలేఖలొస్తే మనం రెండుసార్లు వెళ్లం కదా, మా కోడ్ వెళ్లింది.

ఇప్పుడు ప్రతి పేమెంట్ నంబరునీ రాసుకుంటాం, ఒకసారి రాసుకున్న నంబరు మళ్లీ వస్తే పట్టించుకోం. అయితే అక్కడ ఇంకో చిక్కుంది. నంబరు ఎప్పుడు రాయాలి? మోటారు తిరిగాక రాద్దామనుకుంటే, మధ్యలో కరెంటు పోతే మళ్లీ తిరుగుతుంది, మాకు నష్టం. తిరగక ముందే రాస్తే, కరెంటు పోతే డబ్బు పోయి సరుకు రాదు, కొన్నవాడికి నష్టం. రెండు రాత్రులు కొట్టుకున్నాం దీని మీద. చివరికి ముందే రాయాలనీ, సరుకు పడినట్టు రుజువు లేకపోతే డబ్బు దానంతటదే వెనక్కి వెళ్లిపోవాలనీ తేల్చాం.

డబ్బులు కట్టయి సరుకు రాకపోతే ఏం చేయాలి?

ముందు కంగారుపడి రెండోసారి కొట్టకండి.

ఇందులో రెండు రకాలున్నాయి. డబ్బు మాకు చేరింది, సరుకు స్ప్రింగులో ఇరుక్కుంది. ఇది మా తప్పు. కింద ఒక కంటికి కనిపించని కిరణం ఉంటుంది, సరుకు పడితే అది తెగుతుంది. ఐదు సెకన్లలో తెగకపోతే స్ప్రింగు ఇంకో సగం చుట్టు తిరుగుతుంది. అప్పటికీ పడకపోతే రిఫండ్ వెళ్తుంది. మమ్మల్ని ఎవరూ అడగక్కర్లేదు.

రెండో రకం, మీ ఖాతాలో కట్టయింది గానీ మాకు చేరినట్టు కబురు రాలేదు. ఇది బ్యాంకుల మధ్య ఆగిన డబ్బు, మేం ముట్టుకోలేం. దీనికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువు పెట్టింది. దుకాణానికి కట్టిన యూపీఐ పేమెంటు ఇలా మధ్యలో ఆగితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు తిరిగి ఖాతాలో పడాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం. పది రూపాయల చిక్కీకి రోజుకి వంద రూపాయలేమిటని నవ్వుకున్నాం గానీ, రూలు రూలే. యూటీఆర్ నంబరు, అంటే ఆ పేమెంటుని గుర్తించే 12 అంకెల సంఖ్య దాచుకోండి, ఫిర్యాదుకి అదే ఆధారం.

మధ్యరకం కూడా ఒకటి తగిలింది. క్యూఆర్ రెండు నిమిషాలే బతుకుతుంది. ఒకమ్మాయి స్కాన్ చేసి, పిన్ మర్చిపోయి, ఇంటికి ఫోన్ చేసి అడిగి, తీరిగ్గా కొట్టింది. అప్పటికి తెర మీద వేరేవాళ్ల ఆర్డర్ ఉంది. ఇలా ఆలస్యంగా వచ్చిన డబ్బుని సరుకుగా మార్చం, వెనక్కి పంపేస్తాం.

తెర మీద మాట కూడా నాలుగుసార్లు మార్చాం. మొదట "పేమెంట్ ఫెయిల్డ్" అని వచ్చేది, చూసినవాళ్లకి గుండె జారిపోయేది. ఇప్పుడు "మీ డబ్బు ఇంకా మాకు చేరలేదు. మళ్లీ కట్టొద్దు. ఒక్క నిమిషం ఆగండి" అని వస్తుంది. కోడ్ కంటే ఈ మూడు ముక్కలే ఎక్కువ గొడవలు ఆపాయి.

స్క్రీన్‌షాట్ చూపించి మోసం చేయొచ్చా?

ఎవరికి చూపిస్తారు?

మాకు భయమేసింది వేరేది. ఎవరైనా మా తెర మీద తమ క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తే? బటన్ నొక్కినప్పుడల్లా తెర మారుతుంది కాబట్టి అలవాటున్నవాళ్లు పట్టేస్తారు, కొత్తవాళ్లు పట్టలేరు. అందుకని "పిన్ కొట్టే ముందు పేరు చూసుకోండి" అని తెర పక్కనే రాశాం. ఇంకో మాట, రిఫండ్ కోసం మేం ఎప్పుడూ ఫోన్ చేయం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవడైనా పిన్ అడిగితే ఫోన్ కట్ చేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

లోపల ఏమేం ఉన్నాయి? స్ప్రింగులు ఎక్కడ దొరికాయి?

దొరకలేదు, చేశాం. జీఐ తీగని పీవీసీ పైపు చుట్టూ చుట్టి, చివర్లు వంచి, గేరు మోటారుకి తగిలించాం. మోటారు ఒక్క చుట్టు తిరిగితే ఒక్క సరుకు ముందుకొచ్చి పడుతుంది. చుట్టు పూర్తయిందని తెలియడానికి వెనకాల చిన్న లిమిట్ స్విచ్ (తగిలితే నొక్కుకునే స్విచ్) ఉంది. పెట్టె రేకుది, వెల్డింగ్ షాపులో చేయించాం. పాత ఫ్రిజ్ తలుపు గాజు ముందు పెట్టాం. ఎలక్ట్రానిక్ సామాను వైజాగ్ వెళ్లి తెచ్చుకున్నాం.

స్ప్రింగులో చుట్టుకీ చుట్టుకీ మధ్య ఖాళీ సరుకు మందం కంటే కొంచెం ఎక్కువుండాలి. మరీ ఎక్కువైతే సరుకు వాలిపోతుంది, తక్కువైతే నలుగుతుంది. పలాస జీడిపప్పు ప్యాకెట్లు పెడితే గొప్పగా ఉంటుందని మా శ్రీకాకుళం మిత్రుడు పట్టుబట్టాడు. గాలి నింపిన ప్యాకెట్ కదా, బుడగలా రెండు చుట్ల మధ్య బిగుసుకుని వేలాడింది. గుద్దితే పడింది. మెషిన్‌ని గుద్దే అలవాటు ఒకసారి మొదలైతే ఆగదని జీడిపప్పు తీసేశాం. వాడు ఇంకా మాటంటూనే ఉన్నాడు. గ్రాఫ్ షీట్లని మొదట చుట్టి రబ్బరు బ్యాండు వేశాం, దొర్లిపోయాయి. ఇప్పుడు మడిచి, అట్టముక్క పెట్టి కవర్లో వేస్తున్నాం.

కరెంటు విషయం. 12 వోల్టుల మోటారు కదలగానే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, బోర్డుకి అందే వోల్టేజీ పడిపోతుంది, ఈఎస్‌పీ-32 రీసెట్ అయిపోతుంది. అంటే సరుకు పడే క్షణంలోనే మెషిన్‌కి మతి పోతుంది! మోటార్లకి ఒక సప్లై, బోర్డుకి వేరే సప్లై ఇచ్చి, రెండింటి గ్రౌండ్ వైరు మాత్రం కలిపాక సర్దుకుంది.

కిరణం విషయం. మామూలు ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ పెడితే సాయంత్రం ఎండ మెట్ల సందులోంచి పడేసరికి సరుకు పడిందో లేదో తప్పు చెప్పేది. టీవీ రిమోట్లలో వాడే 38 కిలోహెర్ట్జ్ రకానికి మారాం. అదీ తిన్నగా పనిచేయలేదు. ఆగకుండా వెలుగు పంపితే ఆ రిసీవర్ దాన్ని గోల అనుకుని వినడం మానేస్తుంది. చిన్నచిన్న విడతలుగా పంపాలి. దాని తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, డేటాషీట్లో రాసే ఉంది, మేమే చదవలేదు.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

కాలేజీ స్టోర్ ఖాతాలో. మాలో ఒకరి సొంత ఖాతా పెట్టుకుంటే తేలిక అనిపిస్తుంది గానీ వద్దు. సొంత ఖాతా క్యూఆర్‌కి వెబ్‌హుక్ రాదు, పైగా అందరి డబ్బూ ఒకడి దాంట్లో పడితే స్నేహాలు చెడతాయి. గేట్‌వేకి పాన్, బ్యాంకు వివరాలు, వ్యాపారం తాలూకు కాగితాలు కావాలి, అవి స్టోర్‌కి ముందే ఉన్నాయి. తినే సరుకు అమ్మడానికి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా వాళ్లదే. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ పేమెంటు మీద 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే దుకాణదారు నుంచి కోసుకునే రుసుము లేదు. గేట్‌వే తన సేవకి విడిగా ఏమైనా తీసుకుంటుందేమో ఒప్పందంలో చూసుకోండి.

లోపల డబ్బు ఉంటుంది కదా, ఎవరైనా పగలగొడితే?

ఇది మా అమ్మమ్మ ప్రశ్న. లోపల డబ్బు లేదమ్మమ్మా. పగలగొట్టినవాడికి పద్నాలుగు చిక్కీలు దొరుకుతాయి. ఆ మాటే బోర్డు మీద రాశాం: "లోపల డబ్బు లేదు, చిక్కీలే ఉన్నాయి."

నెట్ లేకపోతే?

క్యూఆర్ చూపించదు. ఇది మేం గట్టిగా పెట్టుకున్న నియమం. కబురు వినలేని మెషిన్ డబ్బు అడగకూడదు. ప్రతి అరనిమిషానికీ సర్వర్‌ని పలకరిస్తుంది, జవాబు రాకపోతే "ఇప్పుడు పనిచేయడం లేదు" అని తెర మీద పెట్టేస్తుంది. మెట్ల కింద సిగ్నల్ తక్కువ, 4జీ యాంటెన్నాని కిటికీ బయటికి తీశాం. కరెంటు పోతే చిన్న బ్యాటరీ కాసేపు మోస్తుంది. అప్పుడప్పుడూ యూపీఐ వ్యవస్థే మొరాయిస్తుంది. 2025లో మార్చి 26న, ఏప్రిల్ 12న దేశమంతటా అలాగే ఇబ్బంది పడ్డారు. అలాంటప్పుడు ఎవరి మెషినైనా చేసేదేం లేదు.

విజయనగరం పైడితల్లి జాతర సిరిమానోత్సవం నాడు, ఊళ్లో మూడు లాంతర్ల దగ్గర పెడితే?

మావయ్యా, ఆ మంగళవారం అంత జనంలో నీ ఫోనే కలవదు.

గర్ల్స్ హాస్టల్లో పెట్టిన మెషిన్ మాట్లాడదేం?

వాళ్లు కోరిందే అది. ఆ రెండో మెషిన్‌లో శానిటరీ ప్యాడ్లు ఉంటాయి. మేం చాలా ముచ్చటపడి స్పీకర్ పెట్టాం, "ప్యాడ్ తీసుకోండి, ధన్యవాదాలు" అని తెలుగులో పలికేలా. చూడ్డానికొచ్చిన సీనియర్ అక్క మొట్టమొదట అన్న మాట: "ముందు ఆ నోరు మూయించండి." ఆ తర్వాత అడిగింది, బ్యాంకు స్టేట్‌మెంట్లో ఏమని వస్తుందని, నాన్న చూస్తారని. స్టోర్ పేరు మాత్రమే వస్తుంది, సరుకు పేరు రాదు. మా టీమ్‌లో అమ్మాయి ఒక్కతే ఉంది, ఆమె ఈ సంగతి మొదట్లోనే చెప్పింది, మేం నలుగురం వినలేదు. దీన్ని బగ్గుల జాబితాలోనే రాసుకున్నాం.

కోడ్ ఇస్తారా?

ఇస్తాం, వచ్చి కూర్చుని అర్థం చేసుకుంటామంటే. మినీ ప్రాజెక్టుగా పేరు మార్చి పెట్టుకోవడానికి ఇవ్వం. ఇచ్చే కోడ్‌లో గేట్‌వే తాళం, అంటే మా ఖాతాని వాడే రహస్య పదం ఉండదు. ఒకసారి మా తాళాన్ని కోడ్‌తో పాటు ఇంటర్నెట్లో పెట్టేశాం, గంటలోపే చూసుకుని మార్చాం. ఆ గంట మాకు బాగా గుర్తుంది.

ఇంకా సరిగ్గా పనిచేయనిది ఏమైనా ఉందా?

ఉంది. బల్లి.

రాత్రిపూట తెర వెలుతురుకి పురుగులు, పురుగుల కోసం బల్లి వస్తాయి. అది సరుకు పడే చోట పాకుతూ, సరిగ్గా ఆ ఐదు సెకన్లలో కిరణాన్ని దాటిందనుకోండి, సరుకు పడినట్టే మెషిన్ లెక్క. చిక్కీ పైన ఇరుక్కునే ఉంటుంది, రిఫండ్ వెళ్లదు. ఇప్పటికి ఒక్కసారే అలా జరిగింది, అదీ మన ల్యాబ్ అసిస్టెంట్ గారికే. రెండు కిరణాలు ఒకదాని కింద ఒకటి పెట్టి, పైనుంచి కిందికి వరసగా తెగితేనే లెక్కలోకి తీసుకుందామని చూస్తున్నాం. బల్లి కూడా కిందికే పాకితే ఏంటన్నది మా మెకానికల్ వాడి ప్రశ్న. చిక్కీ రెండు కిరణాలనీ రెప్పపాటులో దాటేస్తుంది, బల్లి అంత వేగంగా దిగలేదన్నది మా జవాబు. కొలిచి చూడాలి.

ఆయన పది రూపాయలూ తిరిగిస్తామంటే తీసుకోలేదు. "ఉండనీ బాబూ, ఇరవై నిమిషాలాగితే పడతాదిలే" అన్నారు.